పసిబిడ్డ పడకలో ఏముండాలి? ఏమీ ఉండకూడదు!

గత నెలలో మా బంధువుల ఇంట బారసాలకు వెళ్ళాను. గుమ్మానికి మామిడి తోరణం, ముంగిట ముగ్గు, లోపల ఇరవై ఒక్క రోజుల పసికందు. బిడ్డను ఆశీర్వదించిన తరువాత, వృత్తివల్ల వచ్చిన అలవాటు కొద్దీ ఆ పడకలో ఏమేమున్నాయో లెక్కపెట్టాను. అడుగున చెయ్యి పెడితే దిగబడే మెత్తటి పరుపు. తలకింద ఆవాల దిండు. ఇరువైపులా రెండు చిన్న బాలీసులు. కాళ్ళ దగ్గర ఊలు దుప్పటి. ఒక మూల బిడ్డకంటె పెద్దదైన ఎలుగుబంటి బొమ్మ. తలకు టోపీ, చేతులకు, కాళ్ళకు తొడుగులు. కిటికీలు మూసిన గదిలో సాంబ్రాణి పొగ. భోజనాలు పూర్తయ్యేలోపు బహుమతులుగా అటువంటి పరుపుల సెట్లే మరి రెండు వచ్చి చేరాయి.

ఉండబట్టలేక, “అమ్మా, ఇవన్నీ తీసివేయండి, బిడ్డకు ఖాళీ పడక చాలు” అన్నాను. బిడ్డ అమ్మమ్మగారు చిరునవ్వుతో, “అన్నయ్యగారూ, మీరు మందులు రాశారు గానీ పిల్లల్ని పెంచారా?” అన్నారు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆ ప్రశ్నలో కొంత న్యాయం ఉంది కూడా. అయినా ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఆ నవ్వుల మధ్య ఇవ్వలేకపోయిన సమాధానం ఇప్పుడు ఇస్తున్నాను.

నా వాదం ఒక్కటే. ఏడాది నిండని బిడ్డ పడక గట్టిగా, సమతలంగా, ఖాళీగా ఉండాలి. ఆ పడకపై బిడ్డను వెల్లకిలా పడుకోబెట్టాలి. ఆ పడక తల్లి ఉన్న గదిలోనే, తల్లి చేతికందేంత దూరంలో ఉండాలి. ఇంతకు మించి మనం చేర్చే ప్రతి వస్తువూ మన ముచ్చట కోసమో, అంగడివాని లాభం కోసమో తప్ప బిడ్డ కోసం కాదు.

నేను అడగని ప్రశ్న

ఉద్యోగంలో చేరిన తొలినాళ్ళలో ఒక చిన్న పట్టణపు ఆసుపత్రిలో రాత్రి విధుల్లో ఉండగా, తెల్లవారుజామున ఒక తండ్రి మూడు నెలల బిడ్డను తువ్వాలులో చుట్టుకొని పరుగున వచ్చాడు. బిడ్డ ఒళ్ళు అప్పటికే చల్లబడింది. ముందురోజు సాయంత్రం వరకు నవ్వుతూ పాలు తాగిన బిడ్డ. జ్వరం లేదు, దగ్గు లేదు. వెంట వచ్చిన ముసలమ్మ కోడలిని చూపించి, “పాలు కొరబోయాయి బాబూ, ఇది నిద్రలో పాలిచ్చింది” అని గుండెలు బాదుకుంది. నేను ఆ మాటనే కాగితం మీద పెట్టాను.

బిడ్డను ఎలా పడుకోబెట్టారు? దేనిమీద పడుకోబెట్టారు? తలకింద ఏముంది? ముఖం మీద ఏమైనా పడిందా? ఈ నాలుగు ప్రశ్నల్లో ఒక్కటీ నేను అడగలేదు. అడగాలని నాకెవరూ నేర్పలేదు. ఆ తల్లి తన బిడ్డను తానే చంపుకున్నానన్న నమ్మకంతో ఇంటికి వెళ్ళింది. ఆ మరణానికి నిజమైన కారణమేమిటో నాకు ఈనాటికీ తెలియదు. తెలుసుకునే ప్రయత్నమైనా చేయకపోవడం నా అపరాధం.

ఇటువంటి మరణాలు మన ఊళ్ళలో వేర్వేరు పేర్లతో మాసిపోతాయి. పాలు కొరబోయాయంటారు, దిష్టి తగిలిందంటారు, పక్షిదోషమంటారు. పసిబిడ్డ శవపరీక్షకు ఏ కుటుంబం మనసొప్పుతుంది? ఒప్పించే ఓపిక ఏ వైద్యునికి ఉంది? అందుచేత ఇవి లెక్కలోకి రావు. లెక్కలోకి రాని కారణంగా, “ఆ జబ్బు మన దేశంలో లేదు, అది చలిదేశాల వారి సమస్య” అని చదువుకున్నవారు సైతం అంటూంటారు. లెక్కపెట్టని దానిని లేదనుకోవడం మనల్ని మనం మోసగించుకోవడమే.

వైద్యుల తప్పు ముందు చెబుతాను

పెద్దలను తప్పుపట్టేముందు మా వృత్తి చేసిన తప్పును ఒప్పుకోవాలి. అమెరికాకు చెందిన శిశువైద్యుడు బెంజమిన్ స్పాక్ 1946లో శిశుపోషణపై ఒక పుస్తకం వెలువరించాడు. అది కోట్ల ప్రతులు అమ్ముడుపోయి పాశ్చాత్య గృహాలలో పెద్దబాలశిక్షవలె చెలామణి అయింది. 1950వ దశకం చివరిలో వచ్చిన ముద్రణలో ఆయన బిడ్డను బోర్లా పడుకోబెట్టమని సలహా ఇచ్చాడు. వెల్లకిలా పడుకున్న బిడ్డ వాంతి చేసుకుంటే ఊపిరి ఆగవచ్చునని ఆయన భయం. వినడానికి ఎంతో సబబుగా ఉన్న తర్కం! దానికి రుజువు మాత్రం లేదు.

బోర్లా పడుకున్న బిడ్డలే నిద్రలో ఎక్కువగా మరణిస్తున్నారనడానికి 1970 నాటికే తగినంత ఆధారం అచ్చులో ఉంది. దానిని ఒకచోట కూర్చి చదివినవారు లేరు. నెదర్లాండ్స్ 1987లో, బ్రిటన్ 1991లో, అమెరికా 1994లో “బిడ్డను వెల్లకిలా పడుకోబెట్టండి” అని ప్రచారం మొదలుపెట్టాయి. కొన్నేళ్ళలోనే అమెరికాలో ఈ ఆకస్మిక శిశుమరణాల రేటు సుమారు సగానికి పడిపోయింది. మందు లేదు, టీకా లేదు, యంత్రం లేదు. బిడ్డను తిప్పి పడుకోబెట్టారు, అంతే. 1970లోనే మేలుకొని ఉంటే ఒక్క బ్రిటన్‌లోనే పదివేలకు పైగా, యూరప్, అమెరికా, ఆస్ట్రేలియా ప్రాంతాలన్నీ కలిపి కనీసం యాభైవేల శిశుమరణాలను నివారించగలిగేవారమని 2005లో వెలువడిన ఒక పరిశీలన తేల్చింది.

ఈ చరిత్ర నుండి నేను నేర్చిన పాఠం ఏమంటే, సదుద్దేశం ప్రమాణం కాదు. చెప్పినవాడు మహావైద్యుడైనా, నలుగురిని పెంచిన అమ్మమ్మ అయినా ఇదే నియమం.

నిద్రలో ఏమి జరుగుతుంది?

పసిబిడ్డ తల శరీరంతో పోలిస్తే పెద్దది, బరువైనది, మెడ బలహీనమైనది. తలకింద దిండు పెట్టగానే గడ్డం ఛాతీ వైపు వంగుతుంది. మెత్తటి గొట్టాన్ని వంచినట్లు శ్వాసమార్గం ఇరుకవుతుంది. ముఖం మెత్తటి పరుపులోనో బాలీసులోనో కూరుకుపోతే, బిడ్డ తాను విడిచిన గాలినే తిరిగి పీల్చుకుంటుంది. దానిలో ప్రాణవాయువు తగ్గుతూ, బొగ్గుపులుసు వాయువు పెరుగుతూ పోతుంది. అటువంటప్పుడు మీరూ నేనూ ఉలిక్కిపడి లేస్తాం. కొందరు శిశువులలో ఆ మేలుకొలుపు ఇంకా పూర్తిగా వికసించి ఉండదు. అలా లేవలేని బిడ్డ ఎవరో పైకి చూసి గుర్తుపట్టే పరీక్ష ఏదీ లేదు. అందుకే జాగ్రత్త ప్రతి బిడ్డ విషయంలోనూ తీసుకోవలసిందే.

ఈ మరణాలలో అత్యధికం తొలి ఆరు నెలల్లోనే, అందులోనూ రెండవ నెల నుండి నాలుగవ నెల మధ్యలో ఎక్కువగా సంభవిస్తాయి. నెలలు నిండకుండా పుట్టినవారికి, బరువు తక్కువగా పుట్టినవారికి ప్రమాదం మరింత ఎక్కువ. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో బరువు నమోదైన శిశువులలో సుమారు 18 శాతం రెండున్నర కిలోలకన్న తక్కువ బరువుతో పుట్టినవారు. ఈ సమస్య మనది కాదని ఇంకా అనగలమా?

పెద్దల ప్రశ్నలు, నా సమాధానాలు

“వెల్లకిలా పడుకుంటే పాలు కొరబోవా?” నన్ను అందరికంటె ఎక్కువమంది అడిగిన ప్రశ్న ఇదే. శరీరనిర్మాణం దీనికి సమాధానం చెబుతుంది. వెల్లకిలా ఉన్నప్పుడు శ్వాసనాళం పైన, అన్నవాహిక కింద ఉంటాయి. కక్కిన పాలు శ్వాసనాళంలోకి పోవాలంటే పైకి ఎక్కాలి. బోర్లా ఉన్నప్పుడు ఈ అమరిక తలకిందులై, పాలు శ్వాసద్వారం దగ్గరకే చేరతాయి. బిడ్డ పాలు కక్కుతుందనే భయం ఉంటే, పాలిచ్చిన తరువాత భుజాన వేసుకొని త్రేన్పు వచ్చేదాకా నిమరండి. ఆ తరువాత వెల్లకిలానే పడుకోబెట్టండి. ఒత్తిగిలించి పడుకోబెట్టడం కూడా క్షేమం కాదు. అక్కడినుండి బోర్లా దొర్లడం సులువు.

“ఆవాల దిండు లేకుంటే తల గుండ్రంగా ఎలా వస్తుంది?” తల ఒకవైపు చదునుకావడం నిజమే. పసికందు పుర్రె ఎముకలు ఇంకా అతుక్కొని ఉండవు కనుక ఒత్తిడికి లొంగుతాయి. దీనికి మందు దిండు కాదు. ఒకనాడు తల తూర్పుకు, మరునాడు పడమరకు మార్చి పడుకోబెట్టండి. బిడ్డ చూపు మరోవైపు తిరుగుతుంది. మెలకువగా ఉన్నప్పుడు, మీరు దగ్గర కూర్చొని, రోజూ కాసేపు బోర్లా వేసి ఆడించండి. మెడా భుజాలూ గట్టిపడతాయి. మెడ నిలిచి కూర్చోవడం మొదలైన తరువాత చాలామందిలో ఆ చదును తనంతట తానే సర్దుకుంటుంది. తలకు రూపమిస్తాయని అమ్మే శిశువుల దిండ్లను వాడవద్దని అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ 2022లో హెచ్చరించింది. అమెరికాలో కూతురి కాన్పుకు పెట్టెలో ఆవాల దిండు సర్దుకొని బయలుదేరే అమ్మమ్మలు ఈ ఒక్క మాట చెవిన పెట్టాలి. అక్కడి ఆసుపత్రిలో నర్సు దిండు వద్దన్నప్పుడు అది మన ఆచారాన్ని చిన్నచూపు చూడటం కాదు. కాస్త ఎగుడుదిగుడుగా ఉన్న తలతో నూరేళ్ళు బ్రతకవచ్చు.

“చలికి దుప్పటి కప్పవద్దంటారా?” కప్పవద్దనే అంటాను, బిడ్డకు తగిన బట్టలు తొడగండి. మీరు వేసుకున్నదానికంటె ఒక్క పొర అదనంగా చాలు. మెడ వెనుక చెయ్యి పెట్టి చూడండి. చెమట పట్టి ఉంటే ఒక పొర విప్పండి. అతివేడి కూడా ప్రమాదకారణమే. మే నెల ఉక్కలో కిటికీలు బిగించి, టోపీ పెట్టి, ఊలు చుట్టడం బాలింత గదికి కట్టుబాటు కావచ్చు గాని బిడ్డకు శిక్ష. ఇక పొగ ఏదైనా పొగే. సిగరెట్టుది అన్నిటికంటె చెడ్డది, సాంబ్రాణిదీ దోమల చుట్టదీ బిడ్డ ఊపిరికి మేలు చేసేవి కావు. దోమలకు బిగుతుగా కట్టిన దోమతెర చాలు.

“మమ్మల్నందరినీ ఇలాగే పెంచారు, మాకేమైంది?” ఈ ప్రశ్నకు సమాధానం చెప్పవలసినవారు ఈ సభలో లేరు. ఏమీ కానివారే ఈ ప్రశ్న అడగడానికి మిగిలారు. మా అమ్మమ్మ తన కాన్పులు చెప్పేటప్పుడు వేళ్ళు ముడిచి లెక్కపెట్టేది. ఆ వేళ్ళలో కొన్నింటి దగ్గర ఆగి, “అది దక్కలేదు” అనేది. మీ ఇంటి పెద్దలను అడిగి చూడండి, వారూ ఎక్కడో ఒకచోట ఆగుతారు.

చీర ఉయ్యాల గురించి

ఇక్కడ నాకు చాలామందితో తగవు వస్తుంది. చీర ఉయ్యాలను హేళన చేసే హక్కు నాకు లేదు. ఒంటిగది ఇళ్ళలో తేళ్ళు, చీమలు, తడినేల నుండి బిడ్డను కాపాడింది అదే. పొలం గట్టున చెట్టుకొమ్మకు వేలాడి తల్లికి రెండు చేతులు ఖాళీ చేసింది అదే. అయినా గుడ్డ సంచిలో బిడ్డ వీపు విల్లువలె వంగుతుంది, గడ్డం ఛాతీకి ఆనుతుంది, ముఖం గుడ్డకు ఒత్తుకుంటుంది. కాస్త పెద్ద పిల్లలు ఆ చీరతో ఆడుతూ మెడకు చుట్టుకొని మరణించిన వార్తలు పత్రికల్లో చదువుతూనే ఉన్నాం. జోకొట్టడానికి, మీ కళ్ళెదుట ఊపడానికి ఉయ్యాల ఉపయోగపడుతుంది. రాత్రంతా పడుకోవడానికి పనికిరాదు. నిద్రపట్టిన బిడ్డను ఎత్తి చదునైన పడకపై వేయండి. కారు సీటుకూ, ఏటవాలు ఊగుడు కుర్చీకీ ఇదే నియమం.

బజారు చేసిన బొమ్మలకొలువు

తెలియక చేసే అమ్మమ్మకంటె తెలిసి అమ్మే బజారుపై నాకు ఎక్కువ కోపం. పరుపు, దిండు, బాలీసులు, దోమతెర ఒకే సంచిలో పెట్టి, పైన నిద్రపోతున్న తెల్లని బిడ్డ బొమ్మ ముద్రించి అమ్ముతున్నారు. ఆ సంచిలో దోమతెర తప్ప తక్కినవన్నీ పసిబిడ్డ పడకలో ఉండకూడనివే! అమెరికాలో ఒక ప్రసిద్ధ కంపెనీ ముప్పైకి పైగా శిశుమరణాల తరువాత 2019లో సుమారు 47 లక్షల ఏటవాలు ఊయల పడకలను వెనక్కు తీసుకోవలసివచ్చింది. 2022లో ఆ దేశం అటువంటి ఏటవాలు పడకలను, తొట్టి అంచులకు కట్టే మెత్తటి దిళ్ళను చట్టం చేసి నిషేధించింది. మన దగ్గర అవే అంచుదిళ్ళు బారసాల బహుమతిగా రంగుకాగితంలో చుట్టుకొని వస్తున్నాయి. అంగట్లో దొరికేదంతా ఎవరో పరీక్షించి అనుమతించినదేనన్న భ్రమ వదలండి.

ఇది పరాయి పద్ధతి కాదు

“అయితే దొరలవలె బిడ్డను వేరే గదిలో వేయమంటారా?” అని కొందరికి కోపం. వద్దు. తల్లి ఉన్న గదిలోనే, కనీసం ఆరు నెలలు ఉండాలని ఈనాడు అమెరికా శిశువైద్యులే చెబుతున్నారు. తల్లి పక్కనే బిడ్డ, తల్లిపాలు, చాపమీద పరచిన గట్టి బొంత, వెల్లకిలా నిద్ర: ఇవన్నీ మనకు తరతరాలుగా తెలిసినవే. పుట్టిన బిడ్డను చేటలో గుడ్డ పరచి పడుకోబెట్టిన ఆచారం మనది. ఆ చేటలో దిండుకు చోటు లేదు. తల్లిపాలు తాగే బిడ్డలలో ఈ మరణాలు సుమారు సగమేనని పరిశోధనలు చూపాయి. మంచివన్నీ మనకు ఉండగా వాటిని వదిలి, వారు పారవేసిన మెత్తలను డబ్బిచ్చి కొనుక్కోవడం ఎంత విపరీతం!

న్యూజిలాండ్‌లోని మావోరీలు మార్గం చూపారు. తల్లి పక్కలో బిడ్డ పడుకోవడం వారి ఆచారం. దానిని నిషేధిస్తే ఎవరూ వినరని గ్రహించి, తమ సంప్రదాయ నారతో చదునైన చిన్న బుట్ట అల్లి, తల్లి పడకమీదే బిడ్డకు వేరే చోటు కల్పించారు. దాని పేరు వహకురా. ఆచారమూ నిలిచింది, బిడ్డ ఊపిరికీ చోటు దొరికింది.

మన ఇళ్ళలో తల్లి పక్కలోనే బిడ్డ పడుకోవడం మానదని నాకు తెలుసు. వేరే చిన్న పడక చేతికందేంత దూరంలో ఉంటే ఉత్తమం. వీలుకాకపోతే మెత్తటి పరుపు మంచం వదిలి నేలమీద చాప పరచుకోండి. బిడ్డ దగ్గర దిండు, దుప్పటి, కొంగు లేకుండా చూసుకోండి. బిడ్డకు రెండోవైపు పెద్ద పిల్లలను పడుకోబెట్టకండి. మద్యం తాగినవారు, పొగ తాగేవారు, మత్తుమందు వేసుకున్నవారు ఆ పడకలోకి రాకూడదు. బరువు తక్కువగానో నెలలు నిండకో పుట్టిన బిడ్డకు వేరు పడక తప్పనిసరి. సోఫాలో బిడ్డను గుండెపై వేసుకొని నిద్రపోవడం ఎవరికైనా, ఎప్పుడైనా అత్యంత ప్రమాదకరం. తండ్రులారా, ఇది మీకోసం.

బిడ్డ తనంతట తాను దొర్లడం మొదలుపెట్టే నాటికి గుడ్డలో చుట్టడం మానాలి. బోర్లపడితే బొబ్బట్లు పంచుతాం కదా. ఆ పండుగను ఒక గుర్తుగా పెట్టుకోండి. అటూ ఇటూ తానే తిరగగల బిడ్డను రాత్రంతా కూర్చొని తిప్పనవసరం లేదు. వెల్లకిలా మొదలుపెట్టండి, పడక ఖాళీగా ఉంచండి.

నా విన్నపాలు

ఆసుపత్రులవారికి: బాలింతను ఇంటికి పంపే చీటీలో మందుల పేర్లతోపాటు “వెల్లకిలా, గట్టి పడక, ఖాళీ పడక” అని ఒక్క వాక్యం రాయండి. రాసి, అది అత్తగారికీ అమ్మగారికీ కూడా చదివి వినిపించండి. పడక వేసేది వారే.

ఆశా కార్యకర్తలకు: ఆసుపత్రిలో కాన్పయిన ఇంటికి మీరు 3, 7, 14, 21, 28, 42వ రోజులలో వెళ్తారు. బరువు తూచి, జ్వరం చూసిన తరువాత, “బిడ్డ ఎక్కడ పడుకుంటోందో చూపించండి” అని అడగండి. నేను ఆనాడు అడగని ప్రశ్న మీరు బిడ్డ బ్రతికి ఉండగా అడుగుతారు.

బారసాలకు వెళ్ళేవారికి: నూలు చొక్కాలు ఇవ్వండి, దోమతెర ఇవ్వండి, బిడ్డ పేరున నాలుగు రూపాయలు వేయండి. పరుపుల సెట్టు ఇవ్వకండి.

చివరిగా అందరికీ ఒక మాట. ఇవన్నీ పాటించినా ఎక్కడో ఒక బిడ్డ నిద్రలో పోవచ్చు. ప్రమాదాన్ని తగ్గించగలం గాని పూర్తిగా తుడిచివేయలేం. అటువంటి ఇంటికి పరామర్శకు వెళ్ళినప్పుడు ఆ తల్లివైపు వేలు చూపకండి.

ఆ బారసాల ఇంటినుండి మొన్న ఫోను వచ్చింది. అమ్మమ్మగారే మాట్లాడారు. “అన్నయ్యగారూ, దిండు తీసేశాను. బాలీసులు కూడా తీసేశాను. పడక బోసిగా ఉంది, చూడ్డానికి మనసొప్పడం లేదు” అన్నారు. “బిడ్డ ఎలా ఉంది?” అని అడిగాను. “హాయిగా నిద్రపోతోంది” అన్నారు. పడక బోసిగానే ఉండనివ్వండని చెప్పాను.